కుట్లు వేసిన పిదప కొలత లెందులకు?

గత సంవత్సరము ఒక తల్లి మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, మా పాపకు పెదవి కుట్టించి యేళ్లయింది. ఇప్పుడు మళ్లీ మొగం కొలవాలంటున్నారు. వంకలు లెక్కపెట్టడానికాండీ?" అని అడిగినది. ఈ సందేహము ఇంకను కొందరు తల్లిదండ్రులకు గలదని యెంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెదవి చీలి పుట్టిన బిడ్డను మనవారు "గ్రహణపు మొర్రి" యందురు. గర్భవతి గ్రహణము చూచుటయే కారణమని చెప్పి, నింద యంతయు తల్లిపై మోపుదురు. కాని గ్రహణములు ఏటికి కొన్నియే. ఇట్టి శిశువులు పండ్రెండు మాసములందును జన్మించుచున్నారు. గర్భమున నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపల ముఖభాగములు ఇరుప్రక్కల నుండి వచ్చి కలిసి పెదవి యేర్పడును. అటు పిమ్మట అంగిలి మూసికొనును. ఆ కలయిక పూర్తి గానిచో చీలిక మిగులును. ఇందులకు వంశలక్షణములు, గర్భిణి ఆరోగ్యము మొదలైన పెక్కు కారణములు కలవు. ఆంధ్రప్రదేశమునకు సంబంధించి 2010లో ప్రకటింపబడిన పరిశీలనలో ప్రతి 1000 సజీవ జననములకు 1.09 చొప్పున, అనగా సుమారు 900 మందిలో ఒకరికి, ఈ లోపము కనబడినది. కావున ఇది వింతయు గాదు, పాపఫలమును గాదు.

సాధారణముగా పెదవిని మొదటి సంవత్సరములోను, అంగిలిని ఒకటిన్నర సంవత్సరము లోపలను వైద్యులు కుట్టుదురు. పెదవి కలిసినంతనే పని ముగిసినదని పలువురు తలంతురు. పొరపాటంతయు ఇచ్చటనే యున్నది. అంగిలి సరిగా మూసికొననిచో గాలి ముక్కు గుండా పోవును. బిడ్డ "బడి" యనబోగా "మడి" యని వినబడును. తోటి పిల్లలు నవ్వుదురు. బిడ్డ నోరు విప్పుట మానివేయును. తెలివి లేదని మనము భ్రమపడుదుము.

రెండవది దవడ పెరుగుదల. 1984లో ఆరంభమైన శ్రీలంక పరిశోధనలలో, శస్త్రచికిత్స లేకుండ పెద్దవారైన వారి పైదవడ చాలవరకు చక్కగా పెరిగినట్లును, బాల్యమున శస్త్రచికిత్స పొందిన వారిలో పలువురికి అది వెనుకబడినట్లును తేలినది. కుట్టు మచ్చ బిగియుట ఇందులకు కారణమందురు. అట్లని శస్త్రచికిత్స వలదని కాదు. అది లేక మాట స్పష్టముగా రాదు. బిడ్డ పెరుగుచున్నంత కాలము గమనింపవలెనని మాత్రమే దీని తాత్పర్యము.

కొలుచు విధములు పెక్కులు. కంటి కొనలు, ముక్కు కొన, ముక్కుపుటములు, నోటి మూలలు గుర్తులుగా గొని కాలిపర్సుతో దూరములు కొలిచి కుడి యెడమలను పోల్చుదురు. ప్రక్కనుండి తలకు ఎక్స్-రే తీసి దవడల స్థితి చూతురు. పెద్ద కేంద్రములలో పలు కెమెరాలతో ఒక్కసారిగా ఛాయాచిత్రములు తీసి ముఖాకారమునంతను యంత్రమున నిలుపుదురు. పండ్లకు ప్లాస్టరు అచ్చులు తీసి పరిశీలింతురు. 1987లో వెలువడిన గాస్లాన్ పద్ధతి పదేండ్ల వయసు బిడ్డల అచ్చులను అయిదు తరగతులుగా విభజించును. మొదటి రెండు తరగతుల వారి స్థితి మంచిది. మూడవ తరగతికి పండ్ల సవరణ వలయును. చివరి రెండింటికి పెద్దయిన పిదప దవడ శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

ఒక హెచ్చరిక కలదు. ఐరోపా బిడ్డల కొలతలతో మన బిడ్డలను తూచరాదు. ఈ జిల్లాలలో తెలుగు, ఒడియా, కొంధు, పరజా బిడ్డల ముఖరీతులు వేరువేరు. ముక్కు వెడల్పుగా నుండుట జాతిలక్షణమే గాని లోపము గాదు. బిడ్డను తన జనమువారితోను, అంతకంటె ముఖ్యముగా తన నిరుటి కొలతతోను పోల్చవలెను. ఏటేట పాఠశాలలో ఎత్తు వ్రాసికొనుట యెట్టిదో యిదియు నట్టిదే. ఒక్క అంకె యేమియు చెప్పదు. అంకెల వరుస చెప్పును.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టుక నుండి పదునెనిమిదేండ్ల వరకు ఈ లోపమునకు ఉచిత చికిత్స లభించును. పాఠశాలకు వచ్చు వైద్యబృందమునకు గాని, జిల్లా ఆసుపత్రిలో గాని బిడ్డను చూపవచ్చును. కొలతల కాగితములను జాగ్రత్తపరుపుడు. పిలిచిన నాడు తప్పక తీసికొనిపొండు. తరగతిలో నవ్వులను ఆపు భారము మాది.

ఆ తల్లికి మేము చెప్పినది ఇంతియే: "అమ్మా, వారు కొలుచునది వంకలను గాదు, ఎదుగుదలను." ఆమె మరునాడే బిడ్డను తీసికొని వెళ్లినది.