అటకమీది ఆక్సిజన్ రెగ్యులేటరు



2021లో కరోనా రెండవ విడతలో ఆక్సిజన్ కోసం మనమెంత అల్లాడామో మీకు తెలుసు. అప్పుడు సొంతంగా సిలిండరు, రెగ్యులేటరు కొన్న కుటుంబాలవారు కొందరు ఇప్పుడు వాటిని మన ఆసుపత్రికి కానుకగా ఇస్తున్నారు. మరికొందరు ఇంట్లో ఆయాసపడే పెద్దవారికోసం అటకమీదనుండి దించి, పనిచేస్తుందా అని మాకు చూపిస్తున్నారు. సిలిండరును గ్యాసు నింపేవారైనా పరీక్షిస్తారు. రెగ్యులేటరును ఎవరూ పట్టించుకోరు.

నిండు సిలిండరులో చదరపు సెంటీమీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి ఉంటుంది. రెగ్యులేటరు దాన్ని సుమారు 4 కిలోలకు తగ్గిస్తుంది. లోపల సన్నని రంధ్రం, దాని చుట్టూ నునుపైన లోహపు అంచు, ఆ అంచుమీద కూర్చునే నైలాను వంటి బిళ్ల, స్ప్రింగు, డయాఫ్రమ్ ఉంటాయి. అవతల ఒత్తిడి చాలినంత కాగానే బిళ్ల దారి మూస్తుంది, తగ్గగానే తెరుస్తుంది. సముద్రంలో మునిగేవారి స్కూబా పరికరం పద్ధతీ ఇదే. 1943లో ఫ్రాన్సులో కుస్తో, గాన్యాన్ అనేవారు కార్లకు గ్యాసు అందించే రెగ్యులేటరును మార్చి దాన్ని తయారుచేశారు.

ఆ అంచుమీద వెంట్రుకంత గీత పడినా, దుమ్ము రవ్వ ఇరుక్కున్నా దారి పూర్తిగా మూసుకోదు. రోగికి వెళ్లే దారి మూసివున్నా లోపల ఒత్తిడి మెల్లగా పెరుగుతూ, చివరికి సేఫ్టీ వాల్వునుండి గ్యాసు సుయ్‌మని పోతుంది. ఒక రాత్రి మా పిల్లల వార్డులో ఆ శబ్దం విని నర్సమ్మగారు చూసేసరికి నిండు సిలిండరు సగమైంది. 10 లీటర్ల నీరు పట్టే సిలిండరులో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. సగమైతే ఆరు గంటలే. తెల్లవారేదాకా వస్తుందనుకొని నిద్రపోతే ఏమయ్యేదో!

బాగుచేసేవారు దాన్ని విప్పి, భూతద్దంతో అంచును చూస్తారు. గీత పైపైన ఉంటే అతి మెత్తని పాలిషింగు పేస్టుతో నెమ్మదిగా రుద్దుతారు. ఒక పక్క ఎక్కువ అరిగితే మునుపటికంటే ఎక్కువ కారుతుంది. గీత లోతైతే ఆ భాగాన్నే మారుస్తారు. మెత్తని బిళ్లను, రబ్బరు రింగులను పాలిష్ చేయరు, కొత్తవే వేస్తారు. మా దృష్టిలో పాలిష్ కంటే ఆ తర్వాత కడగడమే పెద్ద పని. పేస్టు ఏ మాత్రం మిగిలినా ఆక్సిజన్‌లో అది ప్రమాదమే. బిగించాక గేజి పెట్టి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూస్తారు.

ఇది ఇంట్లో చేసే పని కాదు. మర బిగుసుకుందని ఒక పెద్దాయన కొబ్బరినూనె రాసి తెచ్చారు. మంచి ఉద్దేశంతోనే రాశారు, కాని మాకు గుండె ఝల్లుమంది. వాల్వును ఒక్కసారిగా తిప్పితే గ్యాసు నొక్కుకొని విపరీతమైన వేడి పుడుతుంది. ఆ వేడికి ఆక్సిజన్‌లో నూనె భగ్గుమంటుంది. గ్రీజు, వాజలీను కూడా అంతే.

మీరు చేయదగినది ఇది. చేతులు సబ్బుతో కడిగి ఆరనివ్వండి. దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. సిలిండరు మూతిని మనుషులవైపునుండి తిప్పి, వాల్వును క్షణంపాటు కొంచెం తెరిచి మూస్తే దుమ్ము పోతుంది. వాషరు నలిగివుంటే మార్చండి. దారం, టేపు చుట్టవద్దు. రెగ్యులేటరు బిగించి, ఫ్లోమీటరు మూసి, వాల్వును మెల్లగా తెరవండి. ఫ్లోమీటరులోని బంతి సున్నా వద్దే ఉండాలి. తర్వాత వాల్వు మూసి, గేజి ముల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. పది నిమిషాల్లో అది దిగితే ఎక్కడో కారుతున్నట్టే. ఒత్తిడి ఉండగా స్పానరుతో గట్టిగా బిగించవద్దు. దాన్ని వాడకుండా శుభ్రమైన సంచిలో పెట్టి మా దగ్గరకు తీసుకురండి. నూనె రాసివుంటే దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు.