పొయ్యికి నాలుగడుగుల దూరము

తెలుగువారి పాత ఇండ్లలో బావిగట్టునకును వంటింటి దొడ్డి గుమ్మమునకును నడుమనున్న కొద్దిపాటి చోటు ఎన్నడును బీడుగా నుండెడిది కాదు. అంట్లు తోమిన నీరు పారు కాలువ ప్రక్క కరివేపచెట్టును, తడి యారని మూల పుదీనాయును, ఎండ చక్కగా తగులు నడిమిచోట తులసికోటయు, వంగ బెండ మొక్కల సందున చల్లిన కొత్తిమీరయు నుండుట సామాన్యముగా కనబడు దృశ్యము. చారు పొయ్యిమీద మరుగుచుండగనే ఇల్లాలు దొడ్డిలోనికి పోయి రెండు రెబ్బలు త్రుంచి తెచ్చి, అవి వాడిపోక మునుపే కాగిన నూనెలో వేసెడిది. ఈనాడు పెరడులు తరిగి బాల్కనీలు పెరిగినవి. కరివేపాకు కూరల కొట్టువాడు సంచిలో పడవేయు కొసరు వస్తువైనది. కొసరుగా వచ్చినదానికి విలువకట్టు అలవాటు మనకు లేదు గనుక, దానిని పెంచవలెనను కోరికయు సన్నగిల్లినది.

పరిమళము గల ఆకులన్నిటను వాసనకు మూలము వానిలో దాగియున్న తైలము. తులసి, పుదీనా, వామాకు మొదలైన వానియందు ఆ తైలము ఆకు పైనున్న సన్నని నూగు కొనలయందు నిలిచియుండును. కరివేప, నిమ్మ వంటివానియందు ఆకు లోపలి చిన్న తిత్తులలో నుండును. ఇది నువ్వుల నూనె వలె నిలకడగా నుండు తైలము కాదు. గాలి తగిలిన ఎగిరిపోవు స్వభావము గలది. త్రుంచిన గడియనుండి ఆకు తన ధనమును గాలికి ధారపోయుచునే యుండును. మండీలో ఒక దినము, కొట్టులో ఒక దినము, శీతలయంత్రములో నాలుగు దినములు గడచి పోపులో పడిన ఆకునకు రంగు మిగిలినను ప్రాణము మిగులుట అరుదు. కావున ఇంట ఈ మొక్కలను పెంచుటలోని ప్రయోజనమంతయు, నా దృష్టిలో, మొక్కకును పొయ్యికిని గల దూరములోనే యున్నది. డబ్బు మిగులునని పెంచువారు ఒకసారి లెక్క చూచుకొందురు గాక. మంచి కుండీ ఒక్కటి కొన్న వెలకు ఏండ్ల తరబడి కొసరు కరివేపాకు వచ్చును.

ఈ తోటలో అగ్రాసనము కరివేపకే చెల్లవలెను. నల్లగా పండిన దాని చిరుపండ్లను గుజ్జుపోవ కడిగి వెంటనే నాటినచో గింజ మొలచును. కొన్ని వారములు దాచియుంచిన గింజ మీద ఆశ పెట్టుకొనరాదు. పెద్దచెట్టు వేళ్లనుండి లేచు పిలకను వేరు తెగకుండ త్రవ్వి తెచ్చుకొనుట అంతకంటె సులభము. పొరుగువారి నడిగి తెచ్చుకొనునప్పుడు మొక్కతోపాటు కొంత చుట్టరికమును దొరకును. మొదటి ఏడు అది యెంత నిదానముగా పెరుగుననగా, కొత్తగా నాటినవారు విసిగి దానిని పెరికివేయుట కూడ కలదు. ఓపిక పట్టి, మోకాలెత్తు రాగానే తల త్రుంచినచో, ఒంటిగా పైకి పోవుట మాని ప్రక్కకొమ్మలు వేసి గుబురగును. మార్గశిర పుష్యమాసములలో ఆకు పసుపువారి కొంత రాలుట దాని స్వభావము. రోగమేమో యని భయపడి అప్పుడు ఎరువును నీరును దండిగా పోయువారు వేళ్లను కుళ్లబెట్టి లేని రోగమును తెచ్చిపెట్టుదురు. మాఘము దాటి ఎండ వేడెక్కగానే అది తనంతట తానే చిగిర్చును.

ఆకు కోయుటకును ఒక పద్ధతి కలదు. కరివేప రెబ్బ యొక్కటి నిజమునకు ఒకే ఆకు. దానియందు సాధారణముగ 11 మొదలు 21 వరకు చిట్టి ఆకులుండును. వానిని ఒక్కొక్కటిగా గిల్లి, బోడి ఈనెను చెట్టుననే విడిచిపోవుట మొక్కకు మేలుచేయదు. రెబ్బను మొదటికంట త్రుంచవలెను, లేనిచో కొమ్మ కొననే విరువవలెను. పులిసిన మజ్జిగను పలుచన చేసి మొదట పోయు ఆచారము మన ఇండ్లలో తరతరములనుండి యున్నది. సున్నపుపాలు హెచ్చుగా గల నేలలలో మొక్కకు ఇనుము అందక ఆకు పాలిపోవునన్నది తెలిసిన సంగతియే గనుక, ఆ పులుపు కొంత తోడ్పడునను వారి మాటను నేను త్రోసిపుచ్చను. కాని మజ్జిగ పోసితిమి గదా యని మాగిన పశువుల యెరువు వేయుట మానరాదు.

ఈ చెట్టునకును కాకినాడకును ఒక పాత సంబంధము కలదు. స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1771లో దీనికి శాస్త్రనామము పెట్టుచు తన శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ పేరును అందు చేర్చెను. కోనిగ్ 1768లో తరంగంబాడిలోని డేనిష్‌వారి స్థావరమునకు వైద్యుడుగా వచ్చి, ఆర్కాటు నవాబు కొలువునను, పిదప ఈస్టిండియా కంపెనీ కొలువునను ఉండి, మొక్కలకొరకు చోళమండల తీరమును గాలించి, 1785లో కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున కన్నుమూసెను. సామర్లకోటలో ప్రయోగాల తోట పెంచి, అనంతరము కలకత్తా వృక్షోద్యానమునకు అధ్యక్షుడైన విలియం రాక్స్‌బర్గ్ ఆయనకు మిత్రుడు. మన తాళింపులోని ఆకుతో పేరు పెనవేసికొన్న పరదేశి మన గోదావరి సీమలోనే మట్టిలో కలిసెనన్న సంగతిని కాకినాడవారిలో సైతము ఎందరెరుగుదురో!

కరివేప నిమ్మ, దబ్బ, వెలగ, మారేడుల కుటుంబమునకు చెందినది. లేతాకు నొకదానిని వెలుతురున కెత్తి పట్టి చూడుడు. సూదిమొనలంతటి చుక్కలు మినుకుమినుకుమని మెరయును. అవియే తైలపు తిత్తులు. నిమ్మాకును అట్లే యెత్తి చూచినచో ఆ చుక్కలే కనబడును. మనము వెలుతురున పట్టి తెలిసికొను ఈ బంధుత్వమును నిమ్మ సీతాకోకచిలుక వాసన పట్టియే యెరుగును. నిమ్మచెట్టు దొరకనినాడు అది వచ్చి కరివేప చిగురుమీద ఆవగింజంతటి లేతపసుపు గ్రుడ్లను విడివిడిగా పెట్టిపోవును. పొదిగి వెలువడిన పురుగు మొదట నలుపు తెలుపు కలిసి అచ్చముగ పిట్టరెట్టను పోలియుండుటచే, ఎదుటనే యున్నను కంటికానదు. పెరిగి వ్రేలి పొడవై పచ్చబడిన పిదప పుల్లతో దాని వీపు తట్టినచో, తలవెనుకనుండి నారింజ వన్నెగల రెండు కొమ్ములను బయటికి నెట్టి, కుళ్లిన నిమ్మపండు కంపును విడిచి బెదరించును. నాలుగు పురుగులు చేరిన చిన్నమొక్క నాలుగు దినములలో మోడగుట నిశ్చయము. తినెడి ఆకు గనుక మందు చల్లుటకంటె ఉదయముననే ఏరి ప్రక్కనున్న పెద్ద నిమ్మచెట్టు మీదికి మార్చుట ఉత్తమము. పిల్లలున్న ఇండ్లలో ఒక పురుగునైనను విడిచిపెట్టి, అది చిలుకగా మారువరకు చూపుట యింకను ఉత్తమము.

ఈ బంధుత్వము చేతనే విదేశములలో కరివేప చిక్కులలో పడినది. నారింజతోటలను నాశనముచేయు గ్రీనింగు తెగులును మోసుకొని తిరుగు సన్నని రసము పీల్చు పురుగు కరివేప చిగురు మీదను వృద్ధిపొందును. అందుచే అమెరికాలో ఆ పురుగు గల రాష్ట్రములనుండి ఇతర రాష్ట్రములకు ఈ మొక్కను తీసికొనిపోవుటపై ప్రభుత్వము నిర్బంధములు విధించినది. చలికాలమున కుండీని ఇంటిలోనికి మోసికొనిపోయి, కిటికీ యెండకు నిలిపి, వసంతమున మరల బయట పెట్టుచు ఏండ్లకొలది దానిని సాకు తెలుగు కుటుంబములు అచ్చట పెక్కులు గలవు.

ఇక కొత్తిమీర. దీనియందు చేయి కాల్చుకొననివారు అరుదు. ధనియము ఒక గింజ కాదు, రెండు గింజలు కలిసిన కాయ. దానిని రాతిమీద పోసి పలకతోనో చెప్పుతోనో మెల్లగా నలిపి రెండుగా విడదీసి, రాత్రి నానవేసి చల్లవలెను. అట్లు చేసినను మొలక కనబడుటకు 8 మొదలు 12 దినములు పట్టును. అంతలో నీటి తడి ఒక్కపూట యారినను మొలక చచ్చును. దీనికి నిలువుగా దిగు తల్లివేరు గలదు గనుక నారు పోసి మార్చి నాటుట పనికిరాదు. ఎండ ముదిరినచో ఆకు వేయుట మాని పూతకు పరుగెత్తును. ఆశ్వయుజమునుండి మాఘము వరకు దీని కాలము. వేసవిలో నీడపట్టున, పదిదినముల కొకమారు కొద్దికొద్దిగా చల్లుకొనుటయే మార్గము. గుంటూరు చెంతనున్న లాం పరిశోధన క్షేత్రమునుండి వెలువడిన సింధు, సాధన, స్వాతి మొదలైన రకములు ధనియాలు పండించు రైతులకొరకు వచ్చినవి. కిరాణా కొట్టు ధనియాలును అట్టి గింజపంటకు సంబంధించినవే. ఆకుకొరకు పెంచుకొనువారు ఆకురకపు విత్తనమును అడిగి తెచ్చుకొనుట మేలు.

పుదీనాకు ఉపదేశములు అక్కరలేదు. కట్టలో కొన్న పుదీనానుండి ఆకు దూసికొని, మిగిలిన కాడలను గ్లాసెడు నీటిలో నిలిపినచో వారములోపలనే వేళ్లు పుట్టును. దానికి ప్రత్యేకముగ వెడల్పాటి తొట్టి నొకదానిని ఇచ్చివేయవలెను. నేలలో నాటినచో భూమిలోపల ప్రాకి పొరుగు మడులను కబళించును. వామాకును అంతే, విరిచి గ్రుచ్చిన కొమ్మ బ్రతుకును. ఓమము గింజలనిచ్చు మొక్క వేరు, ఈ దళసరి మెత్తని ఆకుల మొక్క వేరు. రెంటియందును ఒకే తెగకు చెందిన ఘాటు తైలములుండుటచే వాసన కలిసినది. ముసురు పట్టిన సాయంకాలము శనగపిండిలో ముంచి వేసిన వామాకు బజ్జీని ఎరిగినవారు దాని కుండీని వాన చినుకులకు దూరముగ పెట్టుదురు, ఏలయన నీరు నిలిచిన దాని కాడ మెత్తబడి కూలును.

తులసిని మనము పూజించు కారణముచేతనే దానికి కొన్ని బాధలు కలుగుచున్నవి. కోటకు నీరు పోవు రంధ్రము లేకుండుట, ఆకు కమలునంత దగ్గరగ దీపము పెట్టుట, మొదట పసుపు కుంకుమలును పాలును పోయుట – ఇవన్నియు భక్తియే గాని మొక్క వేరునకు భక్తి తెలియదు. వెన్నులు వేసి గింజ ముదిరినచో మొక్క తన పని ముగిసినదని తలచి మ్రాను కట్టును. లేతవెన్నులను గిల్లుచు వచ్చినచో చిగురు వేయుచునే యుండును. పిదప రాలిన గింజలనుండి లేచిన మొక్కను కోటలో నిలుపవచ్చును. లవంగమునందలి ఘాటును తులసి ఘాటును ప్రధానముగ ఒకే పదార్థముచే కలిగినవనుట, గుడిలో తీర్థము పుచ్చుకొన్నవారికి చెప్పనక్కరలేదు.

మరువమును దవనమును వంటింటి త్రోవ తొక్కక పూలదండల త్రోవ పట్టినవి. దవనము చలికాలపు మొక్క. చైత్రమాసమున దేవాలయములలో జరుగు దమనోత్సవమునకు దానిని సమర్పింతురు. కనకాంబరములకు వాసన లేని లోటును రెండు మరువపు కొనలు తీర్చునని దండలు కట్టువారెల్లరు ఎరుగుదురు. దబ్బ మొక్కకు చోటున్నవారు దానిని పెంచి చూడవలెను. వేసవిలో పలుచని ఉప్పుమజ్జిగలో దబ్బాకులు నలిపి వేసి మూతపెట్టినచో, అరగంటకు దానికి వచ్చు సువాసన ఏ శీతలపానీయమునకును రాదు.

మట్టిని గురించి రెండు మాటలు చాలును. ఎఱ్ఱమట్టి, మాగిన పశువుల యెరువు, కొంత ఇసుక; కుండీ అడుగు రంధ్రముపై ఒక పెంకుముక్క; దినమునకు నాలుగైదు గంటల యెండ. నల్లరేగడిని కుండీలో నింపినచో నీరు దిగదు. యూరియా వంటి ఎరువులు దండిగా వేసినచో ఆకు వెడల్పై, నీరువట్టి, కంటి కింపుగా నుండును. నలిపి చూచినచో వాసన పలుచబడియుండును. కొంచెము కరవుకు ఓర్చిన మొక్కకే ఘాటు హెచ్చు. ఉదయమున మంచు ఆరిన పిదప, ఎండ తీవ్రము గాక మునుపు కోసిన ఆకున తైలము నిండుగ నుండును.

వంటలో వీనిని వేయు సమయమును మొక్క స్వభావమును బట్టియే యుండవలెను. కరివేప వేడికి ఓర్చును; కాగిన నూనెలో దానిలోని తడి చిటపటలాడుచు ఆవిరై పోవుచుండగా తైలము నూనెలోనికి దిగి కూరంతటికి ప్రాకును. కొత్తిమీర వాసన ఆ వేడికి నిలువదు. పొయ్యి దింపిన పిదపనే దానిని చల్లవలెను. పుదీనాను పచ్చడికి వేయించునప్పుడు ఆకు ముడుచుకొనగనే తీయవలెను. ఎండబెట్టుటయందును ఇట్టి భేదమే: మరువము, పుదీనా నీడన ఎండినను వాసన నిలుపుకొనును, కొత్తిమీర గడ్డియగును, కరివేపను పప్పులతోడను మిరపకాయలతోడను వేయించి పొడిగొట్టి దాచుటయే మన పెద్దలు కనిపెట్టిన ఉపాయము.

కొత్తిమీర పూతకు వచ్చినదని పెరికి పారవేయువారు తొందరపడుచున్నారు. ఆ తెల్లని పూగుత్తులకొరకు తేనెటీగలు వచ్చును. పిదప పచ్చని కాయలు పట్టును. పచ్చి ధనియమున ఆకు వాసనయు గింజ వాసనయు రెండును కలిసియుండును, అంగడిలో ఇది దొరకదు. ఒక చారెడు కోసి, పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా దంచి మజ్జిగపులుసులో వేసికొనవలెను. మొక్కననే ముదిరి ఎండినవానిని దులిపి, కాగితపు పొట్లము కట్టి, పై ఆశ్వయుజమునకు విత్తనముగ దాచుకొనవలెను.