లెక్కకు చిక్కే అదృశ్యం

“కనపడని శక్తి వున్నదని సైన్సు కూడా ఒప్పుకుంటున్నది గదా” అనే వాదన మన సభల్లోనూ, కవితా సంపుటాల ముందుమాటల్లోనూ తరచు ఎదురవుతున్నది. ‘గుప్త బోసాను’ వంటి పేర్లు దానికి ఊతకర్రలు. ఆ పేరు వెనుక జరిగే పనిని చూస్తే ఈ వాదన నిలవదని నా అభిప్రాయం.

బోసాన్లన్న మాటలో మన సత్యేంద్రనాథ్ బోసు పేరే వున్నది. కాంతికణం ఒక బోసాను. మనకు తెలిసిన పదార్థంతో అతి బలహీనంగా మాత్రమే సంబంధం పెట్టుకునే తేలికపాటి బోసాన్లు మరికొన్ని వుండవచ్చునని సిద్ధాంతకారుల ఊహ. వాటిని పరికరం నేరుగా పట్టలేదు. మరి వెతకటం ఎట్లా?

జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఎన్.ఎ.62 అనే ప్రయోగం వున్నది. ప్రోటాన్లతో బెరీలియాన్ని కొట్టి కేయాన్లనే మెసాన్లను పుట్టిస్తారు. మెసానంటే ఒక క్వార్కూ, ఒక ప్రతిక్వార్కూ జతపడిన కణం. కేయాను సెకనులో సుమారు పది కోట్లవ వంతు బతికి విచ్ఛిన్నమవుతుంది. 10,000 కోట్ల కేయాన్లలో దాదాపు 8 మాత్రం ఒక పయానుగా, రెండు న్యూట్రినోలుగా విడిపోవాలని సిద్ధాంతం చెబుతుంది. న్యూట్రినోలు పరికరానికి చిక్కవు. పయాను ఒక్కటే కనపడుతుంది.

వచ్చిన కేయాను శక్తినీ, ద్రవ్యవేగాన్నీ కొలుస్తారు. వెళ్ళిన పయానువీ కొలుస్తారు. తీసివేస్తే మిగిలేదే కనపడని భాగం. న్యూట్రినోలు రెండు గనుక, ఆ మిగులు నుంచి కట్టిన ద్రవ్యరాశి ఒక్కో ఘటనలో ఒక్కో రకంగా చెదిరి వుంటుంది. వాటికి బదులు ఒకే ఒక్క గుప్త బోసాను పుట్టి వుంటే, అది ప్రతిసారీ ఒకే అంకె దగ్గర పోగుపడాలి. గ్రాఫులో అక్కడ గుట్ట లేవాలి. అరుదైన విచ్ఛిన్నాన్నే ఎంచుకోవటంలో వున్న కిటుకు కూడా ఇదే. తిరనాళ్ళలో కొత్త మనిషిని ఎవరూ పట్టించుకోరు. పొలం గట్టున ఒంటరిగా పోతుంటే ఊరంతా చూస్తుంది.

2016-18 సమాచారంలో 20 ఘటనలు దొరికాయి. గుట్ట లేవలేదు. ఫలానా ద్రవ్యరాశిగల బోసాను వున్నా ఇంతకన్న తరచుగా పుట్టదని 2021లో హద్దులు గీశారు. 110 నుంచి 160 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా మాత్రం ఈ పద్ధతిలో వెతకలేదు. మామూలు తటస్థ పయాను ద్రవ్యరాశి అక్కడే వుండటంతో రద్దీ ఎక్కువ. ఎక్కడ చూశారో, ఎక్కడ చూడలేదో రెండూ చెప్పారు. అదృశ్యశక్తిని గురించి రాసే మన కవుల్లో ఒక్కరైనా ఇట్లాంటి హద్దు గీయగా నేను చూడలేదు.

2024లో అదే బృందం, 2022 దాకా సేకరించిన సమాచారంతో, ఈ అరుదైన విచ్ఛిన్నాన్ని నిర్ధారించింది. 10,000 కోట్లకు 13. అనిశ్చితి అటూ ఇటూ 3. సిద్ధాంతం చెప్పిన 8 కన్న ఇది ఎక్కువే గాని, గుప్త బోసానును పేరు పెట్టి పిలవటానికి ఆ తేడా చాలదు.