ఆటతీరు మారినప్పుడు హాఫ్‌బాకుల యెన్నిక



మన పాఠశాల ఫుట్‌బాలు జట్టుపట్టిక గోడకంటించిన దినమున కొందరి ముఖములు వికసించుటయు, కొందరివి వాడిపోవుటయు ప్రతి సంవత్సరమును చూచుచున్నాను. "మాస్టరుగారూ! నేను వానికంటె బాగుగా ఆడుదును గదా, నన్నేల తీసివేసితిరి?" అని యడుగు బాలునకు సరియైన సమాధానము చెప్పుట ఉపాధ్యాయుని విధి. ఆ సమాధానమునే ఇచట కొంత వివరించెదను.

గోలును కాచు బాకులకును, గోలు కొట్టు ఫార్వర్డులకును నడుమ నాడువారిని పూర్వము హాఫ్‌బాకులనిరి, ఇప్పుడు మిడ్‌ఫీల్డర్లనుచున్నారు. బందరు కాలువకు లాకులెట్టివో జట్టునకు వీరట్టివారు. నీటినెప్పుడు నిలుపవలెనో, ఎప్పుడు విడువవలెనో లాకువద్ద లస్కరెరిగియుండునట్లు, బంతినెప్పుడు ఆపవలెనో, ఎప్పుడు పంపవలెనో హాఫ్‌బాకెరిగియుండవలెను. అయితే కాలువ దారి మారినచో లాకు స్థానమును మారవలసినదే గదా!

చిరకాలము జట్లు ఇద్దరు బాకులు, ముగ్గురు హాఫ్‌బాకులు, ఐదుగురు ఫార్వర్డులుగా నిలిచెడివి. నడిమి హాఫ్‌బాకే ఆటకు మూలస్తంభము. 1925లో ఆఫ్‌సైడు నిబంధన మారెను. అంతకుముందు బంతినందుకొను ఫార్వర్డునకును గోలుగీతకును నడుమ ప్రత్యర్థులు ముగ్గురుండవలసియుండగా, అటుపిమ్మట ఇద్దరున్న చాలునని నిర్ణయించిరి. ఫార్వర్డులకు దారి సులభమయ్యెను. అందుచేత హెర్బర్ట్ చాప్మన్ శిక్షణలో లండను ఆర్సెనల్ జట్టువారు నడిమి హాఫ్‌బాకును వెనుకకు దింపి మూడవ బాకుగా నిలిపిరి. ఆ స్థానమున కిక బంతిని పంచిపెట్టు నేర్పుకంటె, పొడవును, తలతో బంతిని కొట్టు శక్తియు ముఖ్యములయ్యెను. నిన్నటివరకు తగినవాడు నేడు తగకపోయెను. వాని నేర్పు తగ్గలేదు, పని మారినది.

1958లో బ్రెజిల్ దేశస్థులు స్వీడనులో ప్రపంచకప్పు గెలిచినప్పుడు నలుగురు బాకులు, నలుగురు ఫార్వర్డులు, నడుమ ఇద్దరు మాత్రమే యుండిరి. ఆ యిద్దరిలో దీదీ దూరమునుండి చక్కని పాసులందించువాడు. మూడవ ఆటనుండి జట్టులో చేరిన జీటో పరుగెత్తి అడ్డగించువాడు. ఇద్దరును దీదీలే యైనచో వెనుక తలుపు తెరచినట్లే. ఇద్దరును జీటోలే యైనచో ముందువారికి బంతి యందదు. ఇద్దరు గొప్పవారిని తెచ్చిన చాలదు, ఒకరి లోటు నొకరు పూరించు జంటను తేవలెనని దీనివలన తెలియుచున్నది. ఎడమ ఫార్వర్డగు జగాలో సయితము అవసరమైనప్పుడు వెనుకకు వచ్చి వారికి తోడ్పడుచుండెను.

ఈ విద్య మన తెలుగుగడ్డకును క్రొత్తకాదు. హైదరాబాదు వాస్తవ్యుడైన సయ్యద్ అబ్దుల్ రహీము మొదట బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్సు కప్పు గెలిచెను. 1952 హెల్సింకి ఒలింపిక్సులో, అనేకులు పాదరక్షలులేక ఆడిన మన దేశపు జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడెను. నాలుగేండ్లకు 1956లో మెల్బోర్నునందు, ఆ రహీము శిక్షణలోనే, మనవారు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనలు చేరిరి. ఆ జట్టునకు మైసూరు దేశీయుడు కెంపయ్య, హైదరాబాదు నూర్ మహమ్మదు హాఫ్‌బాకులు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణపతకమును తెచ్చిరి. బ్రెజిలువారి వలన ప్రసిద్ధి కెక్కకముందే నాలుగు-రెండు-నాలుగు పద్ధతిని రహీము మనవారికి నేర్పెనని చెప్పుదురు.

రహీము బలహీనమైన పాదముతోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు నడిపెను. ఇది వినోదముకాదు. మైదానపు వెడల్పునంతయు ఇద్దరే కాయవలసినప్పుడు, బంతిని కుడికాలికి మార్చుకొను నంతటి వ్యవధి వారి కెక్కడిది?

ఇక నా పొరపాటొకటి చెప్పెదను. కొన్ని యేండ్లక్రితము మన జట్టునకు దూరముగా తన్ను ఆటమాన్పించి, పొట్టిపాసుల ఆట నేర్పితిని. కాని హాఫ్‌బాకులను మార్చలేదు. అందొకడు బలశాలి, వానిని దాటిపోవుట యెవరికిని సాధ్యముకాకుండెను. అయితే బంతి కాలికందిన పిమ్మటగాని తలయెత్తి చూడడు. నాలుగు గోలులతో ఓడితిమి. వాడు తనవల్లనే ఓడితిమని యేడ్చెను. తప్పు నాదని అప్పటికి నాకు తోచలేదు. తోచునప్పటికి వాడు బడి విడిచిపోయెను. బాకుగా నిలిపియున్నచో వాడు జట్టునకు కోటగోడయై యుండును.

నాటినుండి హాఫ్‌బాకుల నెన్నునప్పుడు నాలుగు సంగతులు చూచుచున్నాను. బంతి వచ్చుటకు ముందే నలుదిక్కులు చూచునా? రెండు కాళ్లతోను పంపగలడా? బంతి పోయినప్పుడు వాని మొదటి యడుగు వెనుకకు పడునా, లేక చేతులు నడుముపై పెట్టుకొని నిలుచునా? కడపటి పది నిమిషములలో వానికి ఊపిరి మిగిలియుండునా? ఆపైని, వాని జతగాడు ముందుకు పోవునప్పుడు వీడు వెనుక నిలుచునాయని చూతును.

మన నేలను మరువరాదు. వాన కురిసినపిమ్మట నల్లరేగడి బురదలో పొట్టిపాసు సగముదారిలో నిలిచిపోవును. అట్టి దినమున బంతిని పైకెత్తి పంపగలవాడే తగినవాడు. తగినవారు లేనప్పుడు ఆటతీరునే మార్చుకొనుట వివేకముగాని, బాలురను నిందించుట వివేకముకాదు.

కావున పట్టికలో తన పేరు కానరాని బాలుడు "నేను పనికిరానివాడను" అని తలంపరాదు. నావద్దకు వచ్చి "ఈ యేటి ఆటలో ఆ స్థానమునకు పని యేమి? అందు నాకు కొరవడినదేమి?" అని యడుగవలెను. ఈమారు నేను చెప్పుటకు ఆలస్యము చేయను.