రామానుజన్ పట్టికలో లేని వరుస

డిసెంబరు 22 జాతీయ గణిత దినోత్సవం కదా, రామానుజన్ మీద ముఖచిత్ర కథనం శుక్రవారానికల్లా కావాలన్నారు ఎడిటర్‌గారు. 1729 కథ పాఠకులకు కంఠతా వచ్చు. అందుకని ఆయన 1915లో అచ్చువేయించిన పరిశోధన పత్రం ముందేసుకున్నాను. అందులో ఒక పట్టిక ఉంది. ఇక దాన్ని వదిలి ముందుకు పోబుద్ధి కాలేదు.

వందకు పైగా వరుసలు. ఒక్కో వరుసలో ఒక సంఖ్య, దాని భాజకాలెన్నో, ప్రధాన కారణాంకాలేవో. ఇందులో చోటు దక్కాలంటే, తనకన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని భాజకాలు ఉండకూడదు. 12కు ఆరు భాజకాలు. అంతకు లోపు ఏ సంఖ్యకూ ఆరు లేవు. డజను అరటిపళ్లను ఇద్దరైనా, ముగ్గురైనా, నలుగురైనా, ఆరుగురైనా కోయకుండా పంచుకోవచ్చు. 60, 360 ఈ కోవలోవే.

పట్టికలో కిందికి దిగితే 1,95,54,57,50,400 కనిపిస్తుంది. దాని భాజకాలు 4,608. ఆ వెంటనే 3,21,25,37,32,800, భాజకాలు 5,376. ఈ రెంటి మధ్య 2,93,31,86,25,600 ఉండాలి. లేదు.

ఆ సంఖ్యను విప్పి చూద్దాం. 2ను ఆరుసార్లు, 3ను నాలుగుసార్లు, 5, 7లను రెండేసిసార్లు, 11, 13, 17, 19లను ఒక్కోసారి వేసి గుణిస్తే వచ్చేది ఇదే. భాజకం తయారు చేయడానికి 2ను అసలు తీసుకోకపోవచ్చు, ఆరుసార్ల వరకూ తీసుకోవచ్చు. అంటే ఏడు దారులు. 3కు ఐదు, 5కు మూడు, 7కు మూడు, మిగతా నాలుగింటికీ రెండేసి. అన్నీ గుణిస్తే 5,040. అంతకన్నా చిన్న సంఖ్య దేనికీ ఇన్ని భాజకాలు లేవు.

ఘాతాంకాలు వరసగా 6, 4, 2, 2, 1, 1, 1, 1. ఎక్కడా పెరగవు. పెరిగితే, పెద్ద ఘాతాంకాన్ని చిన్న ప్రధాన సంఖ్యకు మార్చేస్తే చాలు, అన్నే భాజకాలతో ఇంకా చిన్న సంఖ్య చేతికొస్తుంది. ఈ నియమాన్ని రామానుజనే ఆ పత్రంలో నిరూపించారు. నన్ను అన్నిటికన్నా ముగ్ధుణ్ని చేసింది మరొకటి. పట్టికలో చిట్టచివరి సంఖ్య 67,46,32,83,88,800. దాన్ని 23తో భాగించి చూడండి. వచ్చేది ఆ లేని సంఖ్యే!

ఇన్ని పెద్ద సంఖ్యల్ని కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో వరసపెట్టి నిలబెట్టిన మనిషికి ఒక వరుస తప్పిపోతే ఆ పట్టిక విలువ నా దృష్టిలో వీసమెత్తు తగ్గదు. ఈసారి ముఖచిత్రం మీద మాత్రం ఆ సంఖ్యే ఉండాలని పట్టుబట్టాను.

చరిత్ర రెండు ముక్కల్లో: 1887లో ఈరోడ్‌లో పుట్టారు, 1914లో కేంబ్రిడ్జి చేరారు. ఈ పత్రాన్ని లండన్ మ్యాథమెటికల్ సొసైటీ వేసింది. యుద్ధకాలంలో డబ్బుకు కటకట, పత్రంలో కొంత భాగం ఆగిపోయింది. 1916లో దీనిమీదే బీఏ పట్టా. 1920లో మరణం. ఆగిన భాగం 1997లో నికొలా, రోబాన్‌ల వ్యాఖ్యలతో ‘రామానుజన్ జర్నల్’లో వచ్చింది.

పిల్లలతో చేయించండి

360 అంటే 2 మూడుసార్లు, 3 రెండుసార్లు, 5 ఒకసారి. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 4×3×2. భాజకాలు 24.

5,040 కూడా ఈ జాతి సంఖ్యే. దాని భాజకాలు 60. ఆ 60 కూడా ఇదే జాతి!

ఈ సంఖ్యలన్నిటిలోనూ ఆఖరి ప్రధాన సంఖ్య ఒక్కసారే వస్తుంది. మినహాయింపులు రెండే: 4, 36.