సెల్యులోజ్ నారల నిర్మాణం, బలం

సెల్యులోజ్ నారలు అనగా మొక్కలలో సహజంగా పెరిగే, లేదా మొక్కల గుజ్జును కరిగించి మరల పోగులుగా తీసిన నారలు. పత్తి, జనపనార, గోగునార, అవిసె నార, కొబ్బరి పీచు మొదటి రకానికి చెందినవి. విస్కోస్ రేయాన్ రెండవ రకానికి చెందినది. వీటన్నిటిలోనూ బలాన్నిచ్చే పదార్థం సెల్యులోజే. అయినను అవిసె నార సాగకుండా తెగిపోతుంది, కొబ్బరి పీచు సాగి సాగి తెగుతుంది. పత్తి తడిస్తే బలపడుతుంది, రేయాన్ తడిస్తే సగం బలాన్ని కోల్పోతుంది. ఈ తేడాలకు మూలం చాలావరకు అణువులో కాక అణువుల అమరికలో ఉన్నదని తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేళ్ళకు పైగా పట్టింది.

అణువు

సెల్యులోజ్‌ను 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ మొక్కల నుండి వేరు చేశాడు. ఇది గ్లూకోజ్ అణువులు వరుసగా కలిసి ఏర్పడిన గొలుసు. అన్నంలోని పిండి, పంచెలోని పత్తి రెండూ గ్లూకోజ్‌తో నిర్మితమైనవే, కాని కలిసే తీరు వేరు. పిండిలో బంధాల వంపు వలన గొలుసు మెలి తిరుగుతుంది. సెల్యులోజ్‌లో ప్రతి గ్లూకోజ్ తన ముందున్న దానికి తలక్రిందులుగా కూర్చొనుట వలన గొలుసు కర్రవలె తిన్నగా ఉంటుంది. తిన్నని గొలుసులు పక్కపక్కన చేరి హైడ్రోజన్ బంధాలతో పెనవేసుకొనగలవు. పిండి వేడినీటిలో ఉబ్బి మెత్తబడుట, బట్ట ఎంత ఉడికించినా బట్టగానే మిగులుట ఇందువలననే.

పత్తిలో ఒక్కొక్క గొలుసులో సుమారు 10,000 గ్లూకోజ్ ప్రమాణాలుంటాయి. అయినను దాని పొడవు 5 మైక్రోమీటర్లు మాత్రమే. విస్కోస్ రేయాన్‌లో గొలుసుకు కొన్ని వందల ప్రమాణాలే మిగులుతాయి. ఇంత పొడవైన అణువులు ఉండగలవని 1920లో హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించినప్పుడు తోటి రసాయనవేత్తలలో పలువురు అంగీకరించలేదు. ఆయనకు 1953లో నోబెల్ బహుమతి లభించింది.

స్ఫటిక నిర్మాణంపై వివాదం

గొలుసులు నారలో క్రమబద్ధంగా పేర్చబడి స్ఫటికాలుగా ఉంటాయని ఎక్స్-కిరణాల వివర్తనం ద్వారా తెలిసింది. 1937లో కె. హెచ్. మేయర్, మిష్ ఇచ్చిన నమూనా ప్రకారం పక్కపక్క గొలుసులు ఎదురెదురు దిశలలో నడుస్తాయి. ఈ అభిప్రాయం దశాబ్దాల పాటు నిలిచింది. 1974లో గార్డనర్, బ్లాక్‌వెల్ ఒకవైపు, సార్కో, ముగ్లీ మరొకవైపు, సహజ సెల్యులోజ్‌లో గొలుసులన్నీ ఒకే దిశలో ఉంటాయని చూపారు. 1984లో అటల్లా, వాండర్‌హార్ట్ అయస్కాంత అనునాద పద్ధతితో సహజ సెల్యులోజ్ ఒక్కటి కాదనీ, ఆల్ఫా, బీటా అను రెండు స్ఫటిక రూపాల మిశ్రమమనీ కనుగొన్నారు. హైడ్రోజన్ పరమాణువుల స్థానాలతో సహా పూర్తి చిత్రం 2002, 2003 సంవత్సరాలలో నిషియామ, లాంగన్, షాంజీ తదితరుల కృషి వలన లభించింది. వీరు పత్తిని గాక ఒక సముద్రజీవి పైతొడుగును, ఒక శైవలాన్ని వాడుట గమనించదగినది. వాటిలోని స్ఫటికాలు పెద్దవి, లోపాలు తక్కువ.

ఈ వివాదం కేవలం పండితులది కాదు. జాన్ మెర్సర్ 1850లో హక్కు పొందిన పద్ధతిలో నూలును గాఢమైన కాస్టిక్ సోడాలో ముంచుతారు. ఆ తరువాత స్ఫటికం మారిపోయి గొలుసులు ఎదురెదురు దిశలలో అమరుతాయి. నార కరగకుండానే గొలుసులు దిశ మార్చుకొనుట ఎట్లు సాధ్యం? వ్యతిరేక దిశలలో ఉన్న పొరుగు తంతువులు ఉబ్బి ఒకదానిలోకొకటి కలిసిపోతాయన్నది ఎక్కువమంది అంగీకరించిన సమాధానం.

సూక్ష్మతంతువులు, వాటి కోణం

గొలుసులు కట్టగా చేరి సూక్ష్మతంతువులు ఏర్పడతాయి. కలపలో వీటి మందం సుమారు 3 నానోమీటర్లు. ఒక్కొక్క దానిలో 36 గొలుసులుంటాయని పూర్వం భావించేవారు, ఇప్పుడు 18 అను లెక్కకు ఆధారాలు ఎక్కువ.

ఈ సూక్ష్మతంతువులు కణకవచంలో నార పొడవునా తిన్నగా కాక మరమేకు చుట్టువలె తిరుగుతాయి. నార అక్షంతో అవి చేసే కోణమే నార స్వభావాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అవిసె నారలో ఈ కోణం దాదాపు 10 డిగ్రీలు లేదా అంతకు తక్కువ. లాగినప్పుడు భారం నేరుగా గొలుసుల మీదనే పడుతుంది కనుక నార గట్టిగా ఉండి 2, 3 శాతం సాగగానే తెగుతుంది. పత్తిలో కోణం 20 నుండి 30 డిగ్రీలు. కొబ్బరి పీచులో అది 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. లాగితే ముందు చుట్టు విప్పుకొంటుంది, అందుచేత ఆ పీచు తన పొడవులో 15 నుండి 40 శాతం వరకు సాగగలదు. బలం తక్కువైనా కుదుపును ఓర్చుకొనే గుణం కోనసీమ కొబ్బరి తాళ్ళకు, కాళ్ళపట్టాలకు ఈ విధంగా వచ్చినదే. దానిలో అధికంగా ఉన్న లిగ్నిన్ కూడా నీటికి త్వరగా కుళ్ళకుండా కాపాడుతుంది.

లెక్కలో బలం, చేతిలో బలం

1962లో సకురాద బృందం జపానులో స్ఫటికాన్ని గొలుసుల దిశలో లాగి యంగ్ గుణకం సుమారు 137 గిగాపాస్కల్‌లుగా కొలిచింది. ఇది అల్యూమినియానికి దాదాపు రెట్టింపు. ఉక్కు గుణకం 200 అయినను, ఉక్కు సాంద్రత సెల్యులోజ్ కంటే అయిదు రెట్లు. కాబట్టి బరువుకు బరువు పోల్చితే సెల్యులోజ్‌దే పైచేయి. అయితే పత్తిపోగు గుణకం సాధారణంగా 5 నుండి 13 గిగాపాస్కల్‌లు మాత్రమే. తంతువుల కోణం, క్రమం లేని భాగాలు, గొలుసుల చివరలు, పత్తిలో చుట్టు దిశ మధ్యమధ్య తారుమారయ్యే చోట్లు ఈ నష్టానికి కారణాలు. ఎంత పొడవైన పోగును పరీక్షిస్తే అంత తక్కువ బలం కనబడుట కూడా లోపాల వలననే.

తడి ప్రభావం

పత్తిలోని స్ఫటికాలలోకి నీరు చొరబడలేదు. అది తంతువుల మధ్యకు చేరి బిగుసుకొన్న భాగాలను సడలిస్తుంది. అప్పుడు భారం అన్ని తంతువులపై సమానంగా పడి నార బలం పెరుగుతుంది. చాకిరేవులో తడి నూలుబట్ట బండమీద దెబ్బలు తిని నిలుచుటలో దీనికీ పాత్ర ఉన్నది. రేయాన్‌లో గొలుసులు పొట్టివి, స్ఫటిక భాగం తక్కువ. నీరు గొలుసుల మధ్య బంధాలను తెంచగా అవి జారిపోతాయి. రేయాన్ చీరను తడిమీద గట్టిగా పిండరాదని చెప్పుటకు కారణమిదే.

ఇటీవలి పరిశోధనలు

2013లో సైటో, ఇసోగై తదితరులు ద్రవంలో అతిధ్వని తరంగాలతో తంతువులను ముక్కలు చేసి, కలప నుండి తీసిన ఒక్కొక్క సూక్ష్మతంతువు బలం 1.6 నుండి 3 గిగాపాస్కల్‌లని అంచనా వేశారు. 2018లో స్వీడన్ పరిశోధకులు కలప తంతువులను సన్నని కాలువలలో నీటి ప్రవాహంతో ఒకే దిశకు తిప్పి పోగులుగా తీశారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి వరుసలో పెట్టుటను ఇది జ్ఞప్తికి తెస్తుంది, కాకపోతే ఇక్కడ దువ్వెన నీరే. ఆ పోగుల గుణకం 86 గిగాపాస్కల్‌లకు, బలం 1.57 గిగాపాస్కల్‌లకు చేరింది. ఆ పోగుల మందం కొన్ని మైక్రోమీటర్లు మాత్రమే.