ఉద్యోగము మానక మునుపే ఊరిలో చిన్న లేత్ షాపు

కాలువకు నీరు వదలినారు. నారు ముదురుచున్నది. సరిగా అప్పుడే దమ్ము చేయుచున్న ట్రాక్టరు ఇనుప చక్రము పట్టీ ఊడును. లేదా రొటావేటరు బ్లేడు బోల్టు తెగి బురదలో పడును. మీరు ఆ ముక్కను సంచిలో వేసికొని బస్సెక్కి పట్టణములోని వర్కుషాపునకు పోవుదురు. అక్కడ మీకంటె ముందు పదిమంది కూర్చుండియుందురు. పని అరగంటది, పోయినది రోజు. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఈ బాధ ఎరుగని రైతు అరుదు.

ఆ వర్కుషాపులోనే మీ ఊరి యువకుడొకడు నెలజీతముపై లేత్ నడుపుచుండవచ్చును. అతడు మీ కుమారుడు కావచ్చును. ఈ వ్యాసము చదువుచున్న మీరే కావచ్చును. ఊరిలో మనమే ఒక షాపు పెట్టుకొన్న బాగుండునన్న ఆలోచన మంచిదే. కాని ఎకరము తాకట్టు పెట్టి, ఉద్యోగము మాని, యంత్రము కొని, బోర్డు కట్టి, ఆ తరువాత పనికొరకు దారి వంక చూచుచు కూర్చుండుట తలక్రిందుల వ్యవహారము. జీతము వచ్చుచుండగానే సాయంత్రములందును, ఆదివారములందును పని మొదలిడవలెను. షాపు తన తిండి తాను తినగలిగినపుడే ఉద్యోగము వదలవలెను.

ఇట్లు చేయుట క్రొత్త కాదు. కోయంబత్తూరు ప్రాంతపు కలంగల్ గ్రామములో 1893లో తెలుగు మాటలాడు రైతు కుటుంబమున పుట్టిన జి.డి. నాయుడుగారు హోటలులో కొలువు చేసి కూడబెట్టిన సొమ్ముతో మోటారు సైకిలు కొని, దానిని ఊడదీసి మరల బిగించి యంత్రవిద్య నేర్చుకొన్నారు. 1920లో బస్సు నడిపినారు. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి విద్యుత్తు మోటారు తయారు చేసినారు. ఆ నగరము పంపుసెట్లకు పేరుపొందుటలో ఇట్టి రైతుబిడ్డల చేయి ఉన్నది.

ముందుగా మీ యజమానితో మాటలాడుడు. దాచినచో నాలుగు వారములలో ఆయన చెవిని పడక మానదు. ఆయన ఖాతాదారులను మీ ఇంటికి త్రిప్పుకొనరాదు. షాపులోని తుక్కు కడ్డీ ముక్కయైనను అడగక తెచ్చుకొనరాదు. మీకు లేత్ లేనన్నాళ్ళు, టర్నింగు పనులను గంటకింతయని ఇచ్చి ఆయన యంత్రముపైననే చేసికొనుటకు అనుమతి అడుగుడు. పలువురు ఒప్పుకొందురు, ఆ యంత్రము రాత్రి ఊరకనే ఉండును గనుక. ప్రభుత్వోద్యోగుల సంగతి వేరు. ముందుగా అనుమతి పొందక వారు సొంత వ్యాపారము చేయుటకు ప్రవర్తనా నియమావళి ఒప్పదు.

ఇక యంత్రముల మాట. అందరును మొదట లేత్ కొనగోరుదురు. నా మాట వినిన, అది చివర కొనవలసినది. లెక్క చూడుడు. ఇందలి అంకెలు పోలికకొరకే. మీ ఊరి ధరలు వేసి మరల కట్టుకొనుడు. పాత లేత్, డ్రిల్లింగు మిషన్, వెల్డింగు సెట్టు, పనిముట్లు కలిసి 3 లక్షల రూపాయలైన వనుకొందము. పదేండ్లు పనిచేయునన్న అరుగుదల నెలకు 2,500 రూపాయలు. నూటికి 12 చొప్పున వడ్డీ నెలకు 3,000. కరెంటు, అద్దె 2,500. మొత్తము 8,000. సాయంత్రములు, ఆదివారములు కలిపి నెలకు 80 గంటలు షాపులో ఉన్నను, డబ్బు వచ్చు పని అందులో సగమే. మిగిలినది సరకు తెచ్చుటకు, బేరమునకు, ఊడ్చుటకు పోవును. 8,000ను 40 గంటలకు పంచగా గంటకు 200 రూపాయలు. మీ కష్టమునకు ఇంకను పైసా రాలేదు! గంట పనికి 150 రూపాయలు పుచ్చుకొన్న కుర్రవాడు ఖాతాదారునకు 50 రూపాయలు ఎదురిచ్చి పంపుచున్నాడన్న మాట.

అదే వెల్డింగు సెట్టు, గ్రైండరు, బెంచి డ్రిల్లు, గట్టి వైసుతో మొదలిడి, పెట్టుబడి 60,000 అయినదనుకొనుడు. ఇంటి వసారాలోనే కనుక అద్దె లేదు. అరుగుదల 500, వడ్డీ 600, కరెంటు 900. గంటకు 50 రూపాయలు. ఇనుప చక్రముల పట్టీలు, గొర్రు కర్రులు, ట్రాలీ తలుపులు, స్ప్రేయరు స్టాండ్లు, చాఫ్ కట్టరు కత్తుల సాన, ఇవన్నియు ఈ పనిముట్లతోనే జరుగును.

కొలత పనులలో పేరు తెచ్చుకొనుడు. మోటారు బేరింగు సంగతినే తీసికొందము. బేరింగుపై 6206 అని ఉన్నచో చివరి రెండంకెలను ఐదుతో హెచ్చించుడు. 30 మిల్లీమీటర్లు, అది లోపలి రంధ్రపు కొలత. 6205 అయిన 25. (చివర 04 మొదలు పైకి ఈ సూత్రము పనిచేయును.) షాఫ్టు ఆ చోట అరిగి 29.9కి దిగినచో క్రొత్త బేరింగు వేసినను లోపలి రింగు జారి తిరిగి, వేడెక్కి చెడును. షాఫ్టుపై పంచితో గుంటలు కొట్టి బిగువు చేయుట మన ఊళ్ళలో ఉన్న అలవాటు. అది కొద్ది దినముల ముచ్చట. అరిగిన చోట వెల్డింగుతో పోసి, లేత్‌పై సరియైన కొలతకు దింపి, మైక్రోమీటరుతో చూచి ఇచ్చిన మోటారు మరల మీ గుమ్మమెక్కదు. రైతు మాత్రము మరొక పనికి మీ వద్దకే వచ్చును.

ఖాతా పుస్తకము మొదటిరోజు నుండియే వ్రాయవలెను. ఇందులో ఒక చిక్కు ఉన్నది, దానిని రైతులైన మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పని దమ్ములప్పుడు వచ్చును, డబ్బు ధాన్యమమ్మిన తరువాత వచ్చును. వెల్డింగు కడ్డీలు, బేరింగులు అమ్మువాడు నవంబరు దాక ఆగడు. బంధువు, ఇరుగుపొరుగు అరువు అడిగినపుడు కాదనుట కష్టము. కావున సరకు ఖరీదు రొక్కము, కూలి మాత్రమే అరువు అను కట్టుబాటు మొదటి వారమే పెట్టుడు. పుస్తకములో చేసిన పనిని ఒక వరుసలోను, చేతికందిన సొమ్మును వేరొక వరుసలోను వ్రాయుడు. ఉద్యోగము మానుటకు చూడవలసినది రెండవ వరుసనే. అదియు జూలై నెలను చూచి మురియరాదు. ఒక పంట సంవత్సరమంతయు గడచి, అన్నిటికంటె సన్నని నెలలో చేతికి వచ్చినది ఇల్లు గడచుటకు చాలినదా యని చూడవలెను.

చాలినచో అప్పుడు లేత్. విజయవాడ ఆటోనగరు, హైదరాబాదు బాలానగరు వంటి చోట్ల పాతవి దొరకును. ఆరడుగుల బెడ్డు అనిన ఆరడుగుల కడ్డీ పట్టునని కాదు. హెడ్డుస్టాకు, టెయిలుస్టాకు కొంత తినివేయును. క్రొత్త రంగును నమ్మవద్దు. బెడ్డు ఎక్కువగా అరుగునది చక్కు ప్రక్కననే. అక్కడ గోటితో తడిమి చూడుడు. యంత్రమును నడిపించి, ఒక కడ్డీని దింపి, రెండు కొనలును కొలువుడు. కొలతలో తేడా ఉన్నచో బేరమాపుడు. థ్రెడ్డు కోయు గేర్లన్నియు ఉన్నవో లేవో లెక్కించుకొనుడు.

కరెంటు విషయములో పొరపాటు పడవద్దు. వ్యవసాయపు బోరు కనెక్షను నుండి వెల్డింగు సెట్టుకు గాని, లేత్‌కు గాని తీగ లాగరాదు. 2003 విద్యుత్ చట్టము 126వ సెక్షను క్రింద అట్టి వాడకమునకు రెట్టింపు రేటు వేయుదురు. షాపునకు వేరు మీటరు తీసికొనుడు. 2020 జూలై నుండి ఉన్న ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. దానికి వేలు అడుగు దళారిని గుమ్మము దాటనీయవద్దు. చప్పుడు చేయు పని గనుక పంచాయతి కార్యదర్శిని ముందే కలిసి, ఇండ్లకు కొంచెము ఎడముగ స్థలము చూచుకొనుట మేలు.

పగలంతయు పనిచేసి వచ్చి రాత్రి లేత్ ముందు నిలుచువానికి నిద్రయే శత్రువు. మెడలో కండువా, వదులు చేతుల చొక్కా, చేతి తొడుగులు లేత్ దగ్గర పనికిరావు. చక్కు పట్టి లాగివేయును. చక్కు తాళమును చక్కులో వదలి స్విచ్చి వేయుట ప్రాణాపాయము. పది గంటలకు షాపు కట్టివేయుడు.

ఉద్యోగము మానదలచిన వారు చైత్రములో నోటీసు ఇచ్చుట అనుకూలము. వైశాఖము రాగానే గొర్రులు, ఇనుప చక్రములు, పంపుసెట్లు మరమ్మతుకు బయలుదేరును. ఆనాటికి మీ బెంచి ఖాళీగా, కడ్డీలు నిండుగా ఉండవలెను.